సెల్ఫ్ అసెంబ్లీ: సమీకరణా, కుదురా, అమరికా?

మధురవాడ, జువాలజీ లెక్చరర్:
అందరికీ నమస్కారం. సైన్స్ డేకి మా కాలేజీలో తెలుగు పోస్టర్ ఒకటి పెడుతున్నాం. విషయం సెల్ఫ్ అసెంబ్లింగ్ ప్రోటీన్లు. ఎవరూ పట్టుకుని అతికించకుండానే నీళ్లలో గోళాలుగానో గొట్టాలుగానో తయారయ్యే ప్రోటీన్లన్నమాట. 'స్వీయ సమీకరణ ప్రోటీన్లు' అని రాశాను. ఎంపీసీ పిల్లలు చూసి 'ఏ సమీకరణం మేడం, వర్గ సమీకరణమా?' అని ఒకటే నవ్వు. ఇంకో మాట చెప్పి పుణ్యం కట్టుకోండి. ప్రింటింగ్ అతను రేపే ఇమ్మంటున్నాడు.

సీతమ్మధార, రిటైర్డ్ తెలుగు మాస్టారు:
పిల్లల తప్పేం లేదమ్మా. సమీకరణాన్ని లెక్కలవాళ్లు ఎప్పుడో సొంతం చేసుకున్నారు. పోనీ 'సమీకరణ' అందామా? నిధుల సమీకరణ, జనసమీకరణ, భూసమీకరణ... అన్నిట్లోనూ సమీకరించేవాడు ఒకడు బయట నిలబడి ఉంటాడు. (భూసమీకరణ అంటే చాలు, మనవాళ్లు ముందు పట్టా పుస్తకం వెతుక్కుంటారు.) 'స్వయం సంఘటన' ఇంకా ప్రమాదం, ఎక్కడో ఏదో జరిగిందనుకుంటారు. చేసే చెయ్యి కనబడని పనికి తెలుగులో అకర్మక క్రియలు ఉండనే ఉన్నాయి. చేర్చడానికి మనిషి కావాలి, చేరడానికి అక్కర్లేదు. అమర్చడం, అమరడం కూడా అంతే. ఆ క్రియ వాడితే 'స్వీయ' అనే తోక అనవసరం. నా ఓటు 'అమరు'కి.

గాజువాక, షిప్‌యార్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను:
మాస్టారూ, మా షాపులో ప్లేటుకి ప్లేటు ఆనించాక 'కుదిరిందా?' అనే అడిగేవాళ్లం. 'అమరిందా' అని ఎవడూ అనగా వినలేదు. అయినా నాకో అనుమానం. ఓడని బ్లాకులుగా కట్టి, క్రేన్‌తో ఎత్తి, డ్రాయింగ్ చూసుకుంటూ ఒక్కోటీ పక్కదానికి ఆనించి వెల్డింగ్ చేస్తాం. క్రేన్ లేదు, డ్రాయింగ్ లేదు, మనిషి లేడు, ఓడ మాత్రం తయారైందంటే ఎలా? ఏ ముక్క ఎక్కడికి పోవాలో దానికెలా తెలుస్తుంది? ముందు అది చెప్పండి, మాట తర్వాత చూద్దాం.

పెదవాల్తేరు, బయోకెమిస్ట్రీ పరిశోధకురాలు:
బాబాయ్ గారూ, డ్రాయింగ్ ఆ ముక్క ఒంటి మీదే ఉంటుంది. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. ముందు అది మడతలు పడి ఒక ఆకారానికొస్తుంది. ఆ ఆకారం పైన కొన్నిచోట్ల నూనె గుణం, నీళ్లంటే పడదు. కొన్నిచోట్ల ప్లస్ చార్జి, కొన్నిచోట్ల మైనస్. నీళ్లలో అణువులు కుదురుగా ఉండవు, ఒకదాన్నొకటి గుద్దుకుంటూనే ఉంటాయి. గుంటకి సరిపడే గుబ్బ, ప్లస్‌కి మైనస్ ఎదురుపడితే జత నిలుస్తుంది, లేకపోతే విడిపోతుంది. ఒక్కో బంధం చాలా బలహీనం. అసలు కిటుకు అదే. తప్పుగా తగులుకున్న ముక్క ఊడొచ్చి ఇంకోచోట ప్రయత్నిస్తుంది. వెల్డింగ్‌లా తగలగానే అంటుకుపోతే చివరికి మిగిలేది ముద్ద.

ఇది ఎప్పుడో రుజువైంది. 1955లో అమెరికాలోని బర్క్‌లీలో ఫ్రెంకెల్-కాన్రాట్, విలియమ్స్ అనే శాస్త్రవేత్తలు పొగాకు మొజాయిక్ వైరస్‌ని ప్రోటీన్‌గా, ఆర్ఎన్ఏగా (అంటే దాని జన్యు పదార్థంగా) విడదీసి మళ్లీ కలిపారు. 300 నానోమీటర్ల (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షో వంతు) కడ్డీలు మళ్లీ తయారయ్యాయి, మొక్కలకి తెగులు కూడా తెప్పించాయి. ఒక్కో కడ్డీలో ఒకే రకం ప్రోటీన్ ముక్కలు సుమారు 2,130 ఉంటాయి. మన ఒంట్లో ఇనుము దాచే ఫెరిటిన్ అయితే 24 ముక్కల గుల్ల. లోపల 8 నానోమీటర్ల ఖాళీ.

మందుల్లోనూ ఇదే పని. 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన హెపటైటిస్-బి టీకా షాన్‌వాక్-బి గుర్తుందా? ఈస్ట్‌లో చేయించిన వైరస్ పైపొర ప్రోటీన్ కొవ్వుతో కలిసి సుమారు 22 నానోమీటర్ల గోళాలవుతుంది. లోపల వైరస్ జన్యువులుండవు, అయినా రోగనిరోధక వ్యవస్థ దాన్ని వైరస్ అనే అనుకుంటుంది. 2022లో దక్షిణ కొరియా అనుమతించిన కోవిడ్ టీకా స్కైకోవియోన్ ఇంకో మెట్టు పైది. దాని గుల్ల ప్రకృతిలో లేదు, అమెరికాలో ప్రోటీన్లు డిజైన్ చేసే శాస్త్రవేత్త డేవిడ్ బేకర్ సంస్థలో కంప్యూటర్ మీద డిజైన్ చేశారు. మూడేసి ముక్కల గుత్తులు 20, అయిదేసి ముక్కల గుత్తులు 12 కలిపితే బంతి తయారు.

ఇన్నిట్లోనూ ముక్కలకి లెక్కుంది, ఒక్కోదానికి చోటుంది. అందుకే నాకు 'అమరు' నచ్చింది. పాలు తోడుకోవడం అలాంటిది కాదు. పులుపుకి పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ చార్జి పోయి, దాని ముక్కలు ఎక్కడివక్కడ అంటుకుపోతాయి. దాన్ని పేరుకోవడం అనాలి. రెంటికీ ఒకటే మాట వాడితే పిల్లలకి తేడా తెలీదు.

అక్కయ్యపాలెం, స్టాఫ్ నర్సు:
'అమరు' మరీ మంచి మాట కదండీ. నగ అమరింది, చీర అమరింది అంటాం. పాడేరు వైపు పనిచేసినప్పుడు సికిల్ సెల్ అనే రక్తపు జబ్బున్న పిల్లల్ని చూశాను. కీళ్ల నొప్పికి రాత్రంతా ఏడ్చేవాళ్లు. ఎర్ర రక్తకణంలో ఆక్సిజన్ మోసే ప్రోటీన్ హిమోగ్లోబిన్ పోగులు కట్టడం వల్లే అని డాక్టర్లు చెప్పేవారు. దానికీ 'అమరింది' అనేనా?

పెదవాల్తేరు:
మంచి అభ్యంతరం. హిమోగ్లోబిన్‌లోని బీటా అనే గొలుసులో ఆరోచోట గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం ఉండాల్సింది, దాని బదులు వేలిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం వస్తుంది. అది నూనె గుణం ఉన్నది. ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్‌లో పక్క అణువు గుంటలో సరిగ్గా దూరుతుంది. అలా వరస కట్టి 14 పేటల పోగు పురితిరుగుతుంది, కణం కొడవలిలా వంగుతుంది. కుదరకూడని చోట కుదరడం అది. దానికి 'పేనుకోవడం' అంటే? తాడు పేనినట్టే ఉంటుంది మైక్రోస్కోపులో. అల్జీమర్స్ మతిమరుపు జబ్బులో మెదడులో కనబడే అమిలాయిడ్ అనే ప్రోటీన్ పోగులకీ పనికొస్తుంది.

సీతమ్మధార:
భేష్. ఒక్క నామవాచకం కోసం తంటాలు పడేకన్నా మడతపడు, అమరు, పేనుకొను, పేరుకొను అని నాలుగు క్రియలు పంచితే పని జరుగుతుంది. ఇంగ్లీషు నామవాచకం ఇస్తే మనమూ నామవాచకమే ఇవ్వాలని ఎక్కడుంది?

ఎంవీపీ కాలనీ, సాఫ్ట్‌వేర్:
ఇంత టెన్షన్ ఎందుకండీ, 'సెల్ఫ్ అసెంబ్లీ' అనే రాసేయండి. పరీక్షలో రాసేది అదేగా. అన్నట్టు, కంప్యూటర్ చిప్‌లకి కూడా దీన్ని వాడతారని విన్నాను, నిజమేనా?

పెదవాల్తేరు:
వాడి చూశారు, ల్యాబుల్లోనే. జపాన్‌లో ఫెరిటిన్ గుల్లల్లో లోహపు చుక్కలు నింపి సిలికాన్ మీద వరసగా పరిచారు. తర్వాత ప్రోటీన్‌ని తీసేస్తే సమానమైన చుక్కలు మిగులుతాయి, వాటితో మెమరీ చేశారు. 2003లో ఇంకో బృందం ఈస్ట్ ప్రోటీన్ పోగుల మీద వెండి, బంగారం పూసి కరెంటు తీగలు చేసింది. జబ్బుల్లో చూసే అమిలాయిడ్ లాంటి పోగే, ఇక్కడ తీగగా పనికొచ్చింది. 'ప్రోటీన్ కంప్యూటర్ వచ్చేస్తోంది' అని మాత్రం పోస్టర్‌లో రాయకండి మేడం, అది అతిశయోక్తి. ఇక 'సెల్ఫ్ అసెంబ్లీ' కూడా ఉంచండి, ఒక్కసారి, కింద చిన్నక్షరాల్లో. పిల్లలు నెట్‌లో వెతుక్కోవాలిగా.

మధురవాడ:
అయితే శీర్షిక ఇలా పెడుతున్నాను: 'వాటంతట అవే అమరే ప్రోటీన్లు'. 

సీతమ్మధార:
'స్వీయ' వద్దంటే 'వాటంతట అవే' తెచ్చావు! సరే, దూరం నుంచి చూసేవాళ్లకి అవసరమే, ఉంచు. కానీ ప్రూఫ్ ఒకసారి జాగ్రత్తగా చూడమ్మా. 'అమర ప్రోటీన్లు' అని అచ్చయిందంటే చావులేని ప్రోటీన్లు అనుకుంటారు.

గాజువాక:
24 ముక్కల బొమ్మ పెద్దదిగా వేయించండి మేడం, ముక్కకో రంగుతో. మా మనవడిని తీసుకొస్తాను. నేను మాత్రం వాడికి 'కుదిరింది' అనే చెబుతా.