ప్లేనర్ గేరు పళ్లు రాలిపోయాయి, కంపెనీ స్పేర్ లేదంటోంది. ఎవరైనా దారి చెప్పండి

చెక్కపొట్టు:
అందరికీ నమస్కారం. నా దగ్గర 13 అంగుళాల పోర్టబుల్ థిక్‌నెస్ ప్లేనర్ (చెక్కను ఒకే మందానికి చెక్కే మెషిన్) ఉంది. వారంటీ ఎప్పుడో అయిపోయింది. మోటార్ బాగానే తిరుగుతోంది, బ్లేడ్లు తిరుగుతున్నాయి, చెక్క మాత్రం లోపలికి పోవడం లేదు. రోలర్లకు బంక పట్టిందేమోనని శుభ్రంగా తుడిచాను, బెడ్డుకు మైనం రాశాను. తేడా లేదు. పక్క కవర్ విప్పి చూస్తే చైన్‌కు ఏమీ కాలేదు, దాని వెనక గేర్‌బాక్సులో ఉన్న తెల్ల ప్లాస్టిక్ గేరుకు ఒకవైపు పళ్లన్నీ రాలిపోయి ఉన్నాయి.
కంపెనీకి ఫోన్ చేస్తే "ఆ మోడల్ ఆపేశాం, స్పేర్లు రావు" అన్నారు. మళ్లీ చేస్తే ఇంకొకాయన "గేరు విడిగా ఇవ్వం, గేర్‌బాక్స్ మొత్తం తీసుకోవాలి, అదీ ఎప్పుడొస్తుందో చెప్పలేం" అన్నాడు. ఒక్క గేరు కోసం ఇంత మెషిన్ మూలన పడేయాలా?

రంద మాస్టర్:
పడేయకండి. ఇద్దరు రెండు రకాలుగా చెప్పారంటే వాళ్లలో ఎవరూ సరిగ్గా వెతకలేదని అర్థం. ఫోన్‌లో అడిగితే ఇలాగే ఉంటుంది. మెయిల్ పెట్టండి. అందులో నేమ్ ప్లేట్ ఫొటో, సీరియల్ నంబరు, విరిగిన గేరు ఫొటో, మాన్యువల్ చివర్లో విడిభాగాల బొమ్మ ఉంటుంది కదా, ఆ పేజీ కూడా జత చేయండి. సీరియల్ నంబరు తప్పనిసరి. ఒకే మోడల్ పేరుతో మధ్యలో గేర్‌బాక్స్ మార్చేసిన కంపెనీలు చాలా ఉన్నాయి.
ఇక్కడ చాలామంది తికమకపడే విషయం ఒకటుంది. బొమ్మలో బాణం పక్కన 47 అని ఉంటే అది బొమ్మలో ఆ భాగం వరస నంబరు మాత్రమే. అసలు పార్ట్ నంబరు కింది పట్టికలో పొడుగ్గా ఉంటుంది. వరస నంబరు పంపితే వాళ్ల కంప్యూటర్లో ఏమీ దొరకదు, "లేదు" అనేస్తారు. ఇంకో మాట: "ఈ నంబరుకు బదులు కొత్త నంబరు ఏమైనా వచ్చిందా?" అని కూడా అడగండి. పాత నంబరు ఆపేసి అదే భాగానికి వేరే నంబరు ఇవ్వడం మామూలే.

ఉలిమొన:
మాస్టర్ గారు చెప్పింది చేయండి, కానీ దానిమీదే కూర్చోకండి. ఇలాంటి మెషిన్లు చాలావాటిని తైవాన్‌లోనో చైనాలోనో కొన్ని ఫ్యాక్టరీలే తయారుచేస్తాయి. రంగు, స్టిక్కర్ మారతాయి, లోపల పోత అదే. మీ మెషిన్ విడిభాగాల బొమ్మను వేరే కంపెనీల 13 అంగుళాల ప్లేనర్ల బొమ్మలతో పోల్చి చూడండి. గేర్‌బాక్స్ ఆకారం, గేర్ల వరస, చైన్ ఎటువైపు ఉంది, ఇవి కలిస్తే అవకాశం ఉన్నట్టే. నా బ్యాండ్ సా గైడ్ అలాగే దొరికింది, డబ్బా మీద పేరు మాత్రం వేరే కంపెనీది.
కొనేముందు అమ్మేవాళ్లను ఆ గేరు పక్కన వెర్నియర్ (మి.మీ. లెక్కన కొలిచే సాధనం) పెట్టి ఫొటో తీసి పంపమనండి. పంపనంటే ఆ బేరం వదిలేయండి.

చెక్కపొట్టు:
థాంక్స్ అండీ. మెయిల్ పెట్టాను. బొమ్మలు పోల్చాను, ఒకటి దాదాపు అలాగే ఉంది కానీ గేరు పళ్ల సంఖ్య అందులో రాయలేదు.

లేత్ బాబాయ్:
గేరు గురించి నన్నడుగు బాబూ, నా పనే అది. కంపెనీ పేరు మర్చిపో. గేరుకు దాని కొలతలే దాని పేరు. రాలిపోని వైపు పళ్లు చూసి మొత్తం ఎన్నో లెక్కపెట్టు. బయటి వ్యాసం వెర్నియర్‌తో కొలువు. పళ్ల సంఖ్యకు రెండు కలిపి, వచ్చిన అంకెతో ఆ వ్యాసాన్ని భాగిస్తే మాడ్యూల్, అంటే పన్ను సైజు చెప్పే అంకె, వస్తుంది. 1, 1.25, 1.5, 2 లాంటి అంకె దగ్గరగా రావాలి. పళ్ల సంఖ్య బేసి అయితే ఒక పన్నుకు ఎదురుగా సందు వస్తుంది కాబట్టి వెర్నియర్ కొంచెం తక్కువ చూపిస్తుంది, అది గుర్తుంచుకో. పళ్లు ఏటవాలుగా ఉంటే ఈ లెక్క నేరుగా పనిచేయదు, ముందే చెప్పు.
పాత అమెరికన్ మెషిన్ అయితే మాడ్యూల్ ఉండదు, అంగుళాల లెక్క. అక్కడ తిరగేసి, పళ్లకు రెండు కలిపి వ్యాసంతో భాగిస్తారు.

చెక్కపొట్టు:
పళ్లు నిటారుగానే ఉన్నాయి బాబాయ్. మొత్తం 38. బయటి వ్యాసం 49.9 మి.మీ.

లేత్ బాబాయ్:
49.9ని 40తో భాగిస్తే 1.25 మాడ్యూల్. దీనితో కలిసే చిన్న గేరు కూడా కొలువు, అదీ 1.25 రావాలి. ఆ తర్వాత రెండు షాఫ్టుల మధ్య దూరం చూడు. రెండు గేర్ల పళ్లు కలిపి, సగం చేసి, 1.25తో గుణిస్తే ఆ దూరం రావాలి. వచ్చిందంటే ఇక అనుమానం లేదు.

చెక్కపొట్టు:
చిన్నదానికి 14 పళ్లు, 20 మి.మీ. మధ్య దూరం 32.5 వచ్చింది. లెక్క అచ్చంగా సరిపోయింది!

ఇనప చెయ్యి:
అయితే ఇంకేం, ఈసారి స్టీల్‌తో కోయించేయండి. జన్మలో విరగదు.

లేత్ బాబాయ్:
వద్దు. కొన్ని కంపెనీలు ఒక్క గేరును కావాలనే ప్లాస్టిక్‌తో పెడతాయి. లోపల చెక్క ఇరుక్కుంటే అది విరిగి మిగతావాటిని కాపాడుతుంది. దాన్ని స్టీల్ చేస్తే ఈసారి చిన్న గేరో, షాఫ్టో, మోటారో పోతుంది. నైలాన్‌లోనో డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్‌లోనో కోయించు. రెండు కోయించు, మెషిన్ సెట్టింగ్ ఎలాగూ ఒక్కటే, రెండోది పెట్టెలో పెట్టుకో.

ఇనప చెయ్యి:
నా మెషిన్‌లో స్టీల్ గేరే వేశాను బాబాయ్, బాగానే నడుస్తోంది. మీ మాట కాదనను, కానీ అన్ని మెషిన్లకూ ఒకటే రూలు అనలేం. పెద్ద ఇనప పోత మెషిన్లలో గేర్లన్నీ స్టీలే కదా.

లేత్ బాబాయ్:
అవును, అక్కడ షాఫ్టులు, బేరింగులు కూడా దానికి తగ్గట్టే ఉంటాయి. ఇది మోసుకెళ్లే మెషిన్.

బెల్టు బేరింగు:
ఈ చర్చ చదివేవాళ్లలో గేరు సమస్య లేనివాళ్ల కోసం. "స్పేర్ లేదు" అనగానే భయపడే భాగాల్లో చాలావాటికి కంపెనీతో పనే లేదు. బేరింగు మూత మీద 6203, 6204 లాంటి నంబరు ఉంటుంది, ప్రపంచంలో ఎక్కడైనా అదే కొలత. 6203 అంటే లోపలి కన్నం 17, బయట 40, మందం 12 మి.మీ. 04 నుంచి చివరి రెండంకెలను 5తో గుణిస్తే కన్నం వచ్చేస్తుంది. 6204కు 20, 6205కు 25. వెనక ZZ అని ఉంటే ఇనప మూత, 2RS అంటే రబ్బరు సీలు. రంపపు పొట్టు ఎగిరే చోట నేనైతే 2RS వేస్తాను.
V బెల్టు కూడా అంతే. A సెక్షన్ పై వెడల్పు 13 మి.మీ., B అయితే 17. పక్కన ఉండే అంకె అంగుళాల్లో పొడవు. అక్షరాలు చెరిగిపోతే పుల్లీల చుట్టూ దారం చుట్టి కొలవండి.
బోల్టులతో మాత్రం జాగ్రత్త. 5/16 అంగుళం అంటే 7.94 మి.మీ., చూడ్డానికి M8 (8 మి.మీ. బోల్టు) లాగే ఉంటుంది, మర వేరు. రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటే ఆపేయండి, బలవంతం చేస్తే పోతలో మర మొత్తం పోతుంది.

కొత్త వడ్రంగి:
నా టేబుల్ సా ఆన్ చేస్తే గుయ్‌మని శబ్దం వస్తోంది, తిరగడం లేదు. మోటార్ మార్చాలన్నారు. కొత్త మోటార్ దొరకడం లేదు, టెన్షన్‌గా ఉంది.

బెల్టు బేరింగు:
బెల్టు తీసేసి చూడండి. అప్పుడూ గుయ్‌మంటూ ఉంటే, ప్లగ్ పీకి షాఫ్టును చేత్తో తిప్పి చూడండి, బిగుసుకుపోయిందేమో. తేలిగ్గా తిరిగితే ఎక్కువసార్లు కెపాసిటరే (మోటార్ తిరగడం మొదలుపెట్టడానికి సాయపడే భాగం) కారణం. మోటార్ మీద డబ్బాలా ఉబ్బెత్తుగా ఉండే కవర్ కింద ఉంటుంది. అదే మైక్రోఫారడ్, వోల్టేజి అంతే లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నది వేయాలి. ప్లగ్ పీకినా దానిలో కరెంటు నిలవ ఉంటుంది, మోటార్ వైండింగ్ చేసేవాళ్లతోనే తీయించండి. స్టార్ట్ కెపాసిటర్ ఉన్న మోటార్ అయితే లోపలి సెంట్రిఫ్యూగల్ స్విచ్‌లో (మోటార్ వేగం అందుకోగానే ఆ కెపాసిటర్‌ను విడదీసేది) పొట్టు చేరిందేమో కూడా వాళ్లు చూస్తారు.

రంద మాస్టర్:
స్విచ్ పోయిందని మామూలు ఇంటి స్విచ్ పెట్టేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు మెషిన్ దానంతటదే తిరగకుండా ఆపేది ఆ ఆకుపచ్చ, ఎరుపు బటన్ల స్విచ్చే. KJD17 లాంటి నంబర్లతో వచ్చేవి ఎన్నో మెషిన్లలో వాడతారు. పెట్టే కన్నం కొలత, స్విచ్‌ను పట్టి ఉంచే కాయిల్ వోల్టేజి, వెనక టెర్మినళ్లు కలిస్తే చాలు.
అలాగే కట్టర్ హెడ్‌లో బ్లేడు బిగించే బోల్టులు, సా బ్లేడు వెనక నిలబడే కత్తి, గార్డు, వీటిని సొంతంగా తయారుచేయకండి. వీటికోసం ఎంతకాలమైనా కంపెనీ వెంట పడండి. దొరక్కపోతే ఆ మెషిన్ నడపకండి.

ఉలిమొన:
పూర్తిగా ఒప్పుకుంటాను. పాత అమెరికన్ మెషిన్ ఉన్నవాళ్లు వింటేజ్ మెషినరీ డాట్ ఆర్గ్ చూడండి. మూతపడిన కంపెనీల మాన్యువళ్లు కూడా అక్కడ ఉన్నాయి.

చెక్కపొట్టు:
అప్‌డేట్. కంపెనీ నుంచి జవాబొచ్చింది, మర్యాదగానే రాశారు, గేరు మాత్రం లేదట. అడగ్గా అడగ్గా గేర్‌బాక్స్ బొమ్మ పెద్దసైజులో పంపారు, అందులో గేరు వెడల్పు ఉంది. డెల్రిన్‌లో రెండు కోయించాను. నిన్న బిగించి నడిపాను, చెక్క చక్కగా లాగుతోంది. చప్పుడు ముందుకన్నా కొంచెం ఎక్కువే.
ఇదే మెషిన్ ఉన్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను: 38 పళ్లు, మాడ్యూల్ 1.25, వెడల్పు 12, కన్నం 10, కీవే (షాఫ్టు మీద గేరు జారకుండా కీ కూర్చునే గాడి) 3 మి.మీ.

లేత్ బాబాయ్:
చప్పుడు గ్రీజు పడితే తగ్గుతుంది. ఎక్కువ పూయకు, పొట్టు అంటుకుంటుంది. కీవే లోతు రాయలేదు, అదీ రాసిపెట్టు.

చెక్కపొట్టు:
1.4 బాబాయ్.