వేగం పెంచాం, త్రీలు పెంచాం, స్కోరు మాత్రం పెరగట్లేదు

కోట_గార్డ్, విజయనగరం:
డిగ్రీ కాలేజీ బాస్కెట్‌బాల్ కుర్రాళ్లని అమెరికా కాలేజీ జట్ల తరహాలో ఆడిస్తున్నాం. బంతి అందగానే పరుగు, ఖాళీ దొరికితే త్రీ, అంటే గీత బయటి నుంచి మూడు పాయింట్ల షాట్. మొన్నటి మ్యాచ్ షీటు: త్రీలు 38 కొడితే 9 పడ్డాయి, టూలు (గీత లోపలి షాట్లు) 30కి 15, ఫ్రీ త్రోలు (ఫౌల్‌కి దక్కే ఒక్క పాయింటు షాట్లు) 12కి 7, ఆఫెన్సివ్ రీబౌండ్లు (మా షాట్ తప్పాక మళ్లీ మాకే దొరికిన బంతులు) 8, టర్నోవర్లు (షాట్ కొట్టకుండానే పోగొట్టుకున్న బంతులు) 17. మొత్తం 64 పాయింట్లు. పైగా ఎదుటోళ్లు ఫాస్ట్ బ్రేకుల్లో, అంటే మేం వెనక్కి చేరేలోపే పరుగెత్తి కొట్టి, ఊడ్చేశారు. వేగం తగ్గించాలా, త్రీలు తగ్గించాలా?

నాగావళి_7, శ్రీకాకుళం:
ముందు పొసెషన్లు, అంటే బంతి మీ చేతికొచ్చిన విడతలు, లెక్కకట్టండి మాస్టారూ. షాట్లు 68, అందులోంచి ఆఫెన్సివ్ రీబౌండ్లు 8 తీసెయ్యండి, టర్నోవర్లు 17 కలపండి, ఫ్రీ త్రోలు 12ని 0.475తో గుణించి అదీ కలపండి. 83 దగ్గర తేలుతుంది. అమెరికా కాలేజీల్లో పై స్థాయి అయిన డివిజన్ 1 పురుషుల జట్ల సగటే 70కి కాస్త అటూ ఇటూ. అంటే మీ కుర్రాళ్ల కాళ్లలో లోటేమీ లేదు. 64ని 83తో భాగిస్తే పొసెషన్‌కి 0.77. జబ్బు అక్కడుంది. మీ టూ ఒక్కోటి 1 పాయింటు తెస్తోంది, త్రీ 0.71. త్రీ 33 శాతం పడితేగానీ 50 శాతం టూకి సమానం కాదు. మీది 24 కూడా లేదు.

వేగం మంచి షాట్లనీ పెంచుతుంది, చెత్త షాట్లనీ పెంచుతుంది. 1989-90లో అక్కడి లయోలా మేరీమౌంట్ కాలేజీ జట్టు వేగంగా ఆడి మ్యాచ్‌కి 122.4 పాయింట్లు బాదింది. 2019లో వర్జీనియా యూనివర్సిటీ జట్టు నింపాదిగా ఆడి అక్కడి కాలేజీ టైటిల్ పట్టుకుపోయింది.

చంపావతి_ట్రైలర్:
ఆ 38లో పాస్ అందుకుని కొట్టినవెన్ని, డ్రిబుల్ మీద లేపినవెన్ని? అది విడిగా రాసుకోండి. పెయింట్‌లోకి (రింగ్ ముందు గీతల మధ్య చోటు) వెళ్లి బయటికొచ్చిన బంతితో కొట్టే త్రీ వేరు, ఎదర డిఫెండర్ చెయ్యి ఉండగా కొట్టేది వేరు.

పరుగుకి దారులు పంచండి. ఇద్దరు తలో మూలకి, పొడుగోడు నేరుగా రింగ్ కిందకి, బంతి ఉన్నవాడు మధ్యలో, ఐదోవాడు వెనకాల ట్రైలర్‌గా. 4 సెకన్లలో సగం గీత దాటాలి, 8 సెకన్లలోపు బంతి ఒకసారి పెయింట్‌ని తాకాలి. తాకకపోతే షాట్ వద్దు, బంతి రెండో వైపుకి మార్చి మళ్లీ రింగ్ వైపు డ్రైవ్.

ఫాస్ట్ బ్రేకులెందుకు తిన్నారంటే, త్రీ తప్పితే బంతి దూరంగా ఎగురుతుంది. మూల నుంచి తప్పితే ఎక్కువగా అవతలి వైపుకే. షాట్ లేవగానే గార్డూ ట్రైలరూ వెనక్కి పరుగెత్తాలి, మిగతా ముగ్గురే రీబౌండుకి. ఐదుగురూ బంతినే చూస్తూ నిలబడితే ఇంక అంతే.

నిలబడి కొట్టే ప్రాక్టీసు పనికిరాదు. సగం గీత నుంచి పరుగెత్తుకొచ్చి, 5 చోట్ల 10 చొప్పున కొట్టించండి. 50కి 25 వెయ్యలేనివాడికి మ్యాచ్‌లో త్రీ అనుమతి లేదు. అడ్డం ఎవరూ లేకుండా సగం వేస్తేనే మ్యాచ్‌లో మూడో వంతు మిగులుతుంది.

గీత_కొలత:
ఒక తిరకాసు. అక్కడ షాట్ క్లాక్ (షాట్ కొట్టాల్సిన గడువు) 30 సెకన్లు, మనకి అంతర్జాతీయ సంఘం ఫీబా రూల్స్‌లో 24. సగం గీత దాటడానికి వాళ్లకి 10, మనకి 8. ఆఫెన్సివ్ రీబౌండ్ పడితే వాళ్లకి 20, మనకి 14. వాళ్ల సెట్లు (ముందే అనుకున్న కదలికలు) యథాతథంగా దించితే చివరి పాస్‌కి టైముండదు.

త్రీ గీతనీ టేపుతో కొలవండి. రింగ్ మధ్య నుంచి కిందకి తూకం వదిలిన చోటు నుంచి 6.75 మీటర్లు, మూలల్లో 6.60. కోర్టు వెడల్పు 15 మీటర్లుంటే మూలలో షూటర్ నిలబడ్డానికి 90 సెంటీమీటర్లే దక్కుతుంది.

కోట_గార్డ్:
కొలిచాను. మా సిమెంటు కోర్టు 14 మీటర్లే. మూలలో 40 సెంటీమీటర్లు. మడమ సైడ్‌లైన్ మీదే పడుతోంది. 17 టర్నోవర్లలో 5 అక్కడివే!

గీత_కొలత:
అయితే మూల వదిలెయ్యండి. గీత వంపు తిరిగే చోటు నుంచి 2 మీటర్లు పైకి నిలబెట్టండి, మీటరుకి పైగా చోటొస్తుంది. కాకపోతే అక్కడి డిఫెండర్ పెయింట్‌కి దగ్గరవుతాడు. అందుకని మీ పొడుగోణ్ణి డ్రైవ్ వచ్చే వైపు కాకుండా అవతలి బ్లాక్‌లో, అంటే పెయింట్ అంచున రింగ్ దగ్గర, ఉంచండి.