ఫ్రాన్స్‌లో వియాజే పద్ధతిలో ఫ్లాట్ కొనొచ్చా? కొన్నవాళ్లెవరైనా ఉన్నారా?

లియోన్_లో_మనోడు:
అందరికీ నమస్తే. లియోన్‌లో ఒక ఫ్లాట్ చూశా, మామూలుగా అమ్మితే 2,40,000 యూరోలు పలుకుతుంది కానీ ఇది వియాజే అంట. ఓనరు 76 ఏళ్ల పెద్దావిడ, ఒక్కతే ఉంటుంది. ముందు 40,000 ఇవ్వాలి, దాన్ని బుకే అంటున్నారు, తర్వాత ఆవిడ బతికున్నన్నాళ్లూ నెలకి 650, ఆవిడ ఆ ఇంట్లోనే ఉంటుంది, పోయాకే మనకి తాళాలు. బ్యాంకు లోను గొడవ లేదు కదా అని మనసు లాగుతోంది. చూడ్డానికి వెళ్తే కాఫీ ఇచ్చి బాల్కనీలో పూలకుండీలు చూపించి "నాలుగో అంతస్తు, ఇప్పటికీ మెట్లెక్కే వస్తా" అంది నవ్వుతూ, నేను నవ్వాలో వద్దో తెలీక కాఫీ కప్పు వైపు చూస్తూ కూర్చున్నా. నాన్నకి ఫోన్లో చెప్తే ఎవరో ఎప్పుడు పోతారా అని కాచుక్కూర్చుంటావా అని తిట్టారు. లెక్క ఎలా ఉందో చెప్పండి.

పారిస్_పాతకాపు:
మెట్లెక్కే మనిషంటే ఆలోచించాల్సిందే బ్రో. ఆర్ల్ ఊళ్లో ఝాన్ కాల్మాన్ సంగతి వినే ఉంటావు, 1965లో ఆవిడకి 90 ఏళ్లప్పుడు ఒక నోటరీ ఇలాగే ఇల్లు రాయించుకున్నాడు, నెలకి 2,500 ఫ్రాంకులకి. ముప్పై ఏళ్లు కట్టి 1995లో ఆయనే ముందు పోయాడు, పాపం ఆ ఇంట్లో ఒక్క రోజైనా కాపురం ఉండలేదు. ఆ తర్వాత ఆయన భార్య కట్టుకొచ్చింది, 1997లో కాల్మాన్ 122 ఏళ్లకి పోయేదాకా. ఇంటి విలువకి రెండింతల పైనే అయింది.
నీ లెక్క చూస్తే ఏడాదికి 7,800. పదేళ్లకి బుకేతో కలిపి 1,18,000, అంటే సగం ధరకే వచ్చినట్టు. పాతికేళ్లయితే 2,35,000, అప్పటికి ఆవిడకి 101. కానీ ఈ లెక్క 650 అలాగే ఉంటేనే, మామూలుగా ధరల సూచీతో పాటు ఏటా పెంచుతారు, నోటరీ ఫీజు కూడా వేరే.

లియోన్_లో_మనోడు:
మరీ భారమైతే మధ్యలో ఇంత తీసుకోండి అని చేతులు దులుపుకోవచ్చా?

నాంత్_అల్లుడు:
కుదరదండి, ఇక్కడి సివిల్ కోడ్ 1979వ ఆర్టికల్‌లో అదే రాశారు, అసలు సొమ్ము తిరిగిచ్చేస్తా వదిలెయ్యండి అన్నా ఒప్పుకోరు, ఆవిడ ఎన్నేళ్లు బతికినా కట్టాల్సిందే. మీకేమన్నా అయితే ఆ బాకీ మీ వారసులకి.
నేను అమ్మినవాళ్ల వైపు నుంచి చూశా. మా అత్తగారు ఇలాగే అమ్మారు, కొన్నాయన మూడు నెలలు కట్టలేదు. ప్రతి నెలా 5న పొద్దున్నే కళ్లజోడు పెట్టుకుని బ్యాంకు యాప్ తెరిచేది, ఏమీ లేకపోతే ఆ పూట మాట్లాడేది కాదు. డబ్బు ఆగినంత మాత్రాన ఇల్లు వెనక్కి రాదండి (1978వ ఆర్టికల్), కాగితంలో క్లోజ్ రెజోల్యుత్వార్ అని, అంటే కట్టకపోతే అమ్మకం రద్దు అనే షరతు, రాయించుకుని ఉండాలి. మాకు ఉంది కాబట్టి నోటీసు అందగానే మొత్తం ఒకేసారి కట్టేశాడు. మీ కాగితంలోనూ అది ఉంటుంది, పైగా ఆగిపోతే అప్పటిదాకా కట్టింది ఆవిడే ఉంచుకునేలా రాస్తారు, ఆ పేరా రెండుసార్లు చదవండి. ఉద్యోగం పోయినా ఏడాది కట్టగలిగితేనే దిగండి.

పారిస్_పాతకాపు:
ఇంకోటి, సంతకం రోజుకే ఉన్న జబ్బుతో 20 రోజుల్లోపు పోతే ఒప్పందం చెల్లదు. అలాగే పెద్ద రిపేర్లు, పైకప్పు లాంటివి, మామూలుగా కొన్నవాడి నెత్తినే, ఆస్తి పన్ను ఎవరిదో ముందే తేల్చుకో. ఆవిడకి పన్ను బాధ తక్కువే, 70 దాటాక మొదలైన రాంత్‌లో, అంటే ఆ నెలసరి డబ్బులో, 30 శాతమే ఆదాయం కింద లెక్క, అందుకే బుకే తగ్గించి నెలసరి పెంచమంటే ఒప్పుకోవచ్చు.

లియోన్_లో_మనోడు:
నాకు కావాల్సింది దానికి రివర్స్ అన్నా, చేతిలో 60,000 ఉన్నాయి, బుకే పెంచి నెలసరి 500కి దించమని అడుగుతా. శనివారం మళ్లీ రమ్మంది, ఈసారి కేక్ చేస్తానంది.