మోమాలో ఫొటోకి లొంగని బొమ్మలు ఏవి?

అచ్చుబొమ్మ: న్యూయార్క్‌లో మోమా (మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్) చూడ్డానికి రెండు గంటలే ఉన్నాయి. వాన్‌గో ‘స్టారీ నైట్’ ఎలాగూ చూస్తాం. అది కాక, ఫోన్లో చూస్తే సగం కూడా తెలియని పెయింటింగులు చెప్పండి. ఎక్కడ నిలబడాలి, ఏం గమనించాలి?

ఎర్రసున్నం: మాతిస్ ‘ది రెడ్ స్టూడియో’ (1911, 181 × 219 సెం.మీ.). ఫొటోలో ఎరుపు మీద సన్నటి లేతగీతలు గీసినట్టుంటుంది. అవి గీసినవి కావు, వదిలినవి! మొదట గోడలకు నీలం, నేలకు గులాబీ, సామానుకు పసుపుమట్టి రంగు వేశాడు. తర్వాతే గదంతా ఎరుపు పరిచాడు. కుర్చీ, బల్ల అంచుల దగ్గర ఎరుపును ఆపేశాడు కాబట్టి కింది రంగు గీతలా మిగిలింది. ముందు కుర్చీ దగ్గర చూడండి, ఎరుపు ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. మధ్యలో ఉన్న నిలువు గడియారానికి ముళ్లుండవు.

నీటిరంగు: నేనైతే కొలతలు తెలుసుకుని వెళ్లమంటాను. డాలీ కరిగే గడియారాల బొమ్మ (1931) 24 × 33 సెం.మీ. మాత్రమే, ఏ4 కాగితం కన్నా కాస్త పెద్దది. పెద్ద బొమ్మ కోసం వెతుకుతూ దాన్ని దాటేసి పోతారు. మోనే తామరకొలను దానికి పూర్తిగా వ్యతిరేకం: మూడు పలకలు, 2 మీటర్ల ఎత్తు, దాదాపు 12.75 మీటర్ల పొడవు. దగ్గర నుంచి చూస్తే వట్టి రంగుల చిక్కుముడి. ఎదుటి గోడ దాకా వెనక్కి జరిగితేనే నీళ్లవుతుంది. ‘స్టారీ నైట్’కి అద్దం ఉంది, ఎదురుగా నిలబడితే మన నీడే పడుతుంది, కాస్త పక్కకి జరగండి. ఫ్లాష్, సెల్ఫీ స్టిక్ కుదరవు.

అచ్చుబొమ్మ: అక్కడే ఉన్న వైయెత్ ‘క్రిస్టినాస్ వరల్డ్’ (1948) బొమ్మలో గడ్డి అంత సన్నగా ఎలా వచ్చింది? ఆయిల్ రంగులేనా?

ఎర్రసున్నం: కాదు, టెంపెరా. గుడ్డు పచ్చసొనలో రంగుపొడి, నీళ్లు. క్షణాల్లో ఆరిపోతుంది, ఆయిల్లాగా తడి మీద కలపడం కుదరదు. అందుకే పోచ పోచకీ విడి గీత. ఆరిన పొర పెళుసు. వదులుగా కదిలే కాన్వాసు మీద పగులుతుంది కాబట్టి గట్టి పలక మీద వేస్తారు. ఇదీ అంతే. బొమ్మల గదులు మారుస్తుంటారు, కొన్ని ప్రదర్శనలో ఉండవు కూడా. ముందురోజు వాళ్ల వెబ్‌సైట్లో ఒక్కో బొమ్మ పేరూ వెతికి గది నంబరు రాసుకోండి.