అప్‌డేట్: నారింజ మీద నీలం, ఈసారి బురద కాలేదు

పోయిన నెల నేనడిగింది ఇదీ: అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్‌లో నారింజ మీద నీలం వేస్తే ప్రతిసారీ బురద రంగు ఎందుకొస్తోంది అని. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

మీరన్నది నిజమే, తప్పు కింది రంగు ఆరనివ్వని నా తొందరదే. అవి రంగుల చక్రంలో ఎదురెదురుగా ఉండే రంగులు. తడిమీద తడి కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుని గోధుమరంగులోకి దిగిపోతాయి. అక్రిలిక్ ఒకసారి పూర్తిగా ఆరితే మళ్ళీ నీళ్ళకి కరగదు, పై పూత కింది దాన్ని కదిలించదు. మా విజయవాడలో ఈ వానలకి ఆరడం ఆలస్యమవుతోంది. వేలు ఆనిస్తే చల్లగా తగిలినంతకాలం రెండో పూత జోలికి పోవడం లేదు.

టైటానియం వైట్ పూర్తిగా మానేశాను, అది కింద ఉన్నదాన్నంతా కప్పేస్తుంది. నీలంలో గ్లేజింగ్ మీడియం (రంగుని పారదర్శకంగా చేసే ద్రవం) ఎక్కువ కలిపి పల్చగా మూడు పూతలు వేశాను.

ఇంకొకరు మన దేశపు అబ్‌స్ట్రాక్ట్ చిత్రకారుడు వి.ఎస్.గైతోండే (1924–2001) పని చూడమన్నారు. ఆయన రోలర్‌తో, పాలెట్ నైఫ్‌తో (రంగులు కలిపే పల్చటి మొద్దు కత్తి) రంగు వేయడమే కాదు, తీసేసేవారు కూడా. ఆ మాటే నాకు దారి చూపించింది. మూడో పూత ఇంకా తడిగా ఉండగానే పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో మెల్లగా గీకాను. గీత పొడవునా కింది నారింజ సన్నగా బయటికొచ్చింది, అంచుల్లో నీలం కాస్త మందంగా పేరుకుంది. పొద్దుగూకే వేళ ప్రకాశం బ్యారేజీ మీంచి చూస్తే కృష్ణ నీళ్ళు అచ్చం అలాగే ఉంటాయి. ఆ బొమ్మ ముందు నుంచి చాలాసేపు లేవలేకపోయాను.

తర్వాత పసుపు, ఊదా ప్రయత్నిస్తున్నాను. మొదటి పూత ఆరుతోంది.