అప్‌డేట్: 'లూబ్' అంటే ఏంటో తేలింది, చైన్ పని కూడా అయింది

విజయవాడ ఆటోనగర్‌లో డబ్బాల మీద కనిపించే 'లూబ్' ఆయిలా, గ్రీజా, కంపెనీ పేరా అనీ, బైక్ చైన్‌కి ఏది వేయాలనీ అడిగాను కదా. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

కంపెనీ పేరు కాదు. లూబ్రికెంట్, లూబ్రికేషన్ అనే మాటలను ఇంగ్లిష్‌వాళ్లు వాడుకలో కత్తిరించుకున్న రూపం. మూలం లాటిన్ 'లూబ్రికస్', అంటే జారుడుగా ఉండేది. ఆయిలూ గ్రీజూ రెండూ లూబే. మనకు 'కందెన' ఉంది కానీ, షాపులో అలా అడిగితే కుర్రాడు వింతగా చూస్తాడు.

ఇక చైన్. నాది ఓ-రింగ్ చైన్, అంటే లింకుల మధ్య చిన్న రబ్బరు రింగులుండే రకం. పిన్నుల దగ్గర గ్రీజు ఫ్యాక్టరీలోనే సీల్ చేసి ఉంటుందట. మనం పైన వేసేది తుప్పు పట్టకుండా, రింగులు ఎండిపోకుండా, రోలర్లు అరగకుండా. అందుకే పెట్రోల్‌తో కడగొద్దన్నాడు మెకానిక్ అన్న, రింగులు పాడవుతాయి. కిరోసిన్, మెత్తటి బ్రష్‌తో తుడిచి, ఆరాక 90 నంబరు గేర్ ఆయిల్ లోపలి వైపు నుంచి పట్టించాడు. మిగిలింది గుడ్డతో తుడిచేయాలి, లేదంటే మన దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

డబ్ల్యూడీ-40 అనే స్ప్రే కొట్టమన్నారు కొందరు. దాని పేరులో డబ్ల్యూడీ అంటే నీటిని తొలగించేదని, 40 అంటే నలభయ్యో ఫార్ములా అని. శుభ్రం చేయడానికి సరే, చైన్ మీద ఎక్కువకాలం నిలవదు.

చప్పుడు తగ్గింది. స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) పళ్లు మాత్రం అరిగాయట, ఆ ఖర్చు వచ్చే నెల.