ప్రతి సోమవారం తూకం ఎందుకిలా పైకీ కిందికీ ఊగుతోంది?

ప్రశ్న: హనుమకొండ, ఉద్యోగిని, 41 ఏళ్లు

2024 మేడారం జాతరలో మా అత్తగారి మొక్కు ప్రకారం నాకు నిలువెత్తు బంగారం (అక్కడ బెల్లాన్నే బంగారం అంటారు) తూచారు. జంపన్న వాగులో స్నానం చేసి తడి చీరతోనే తక్కెడలో కూర్చున్నాను. రెండో పళ్లెంలో మా తమ్ముడు బెల్లం ముద్దలు పేరుస్తూ పోతే 82 కిలోల దగ్గర తక్కెడ సరితూగింది. బరువు తగ్గాలని ఆ రోజే అనుకున్నా, ఈ ఏడాది మృగశిర కార్తె దాకా మొదలుపెట్టలేకపోయాను.

అప్పటి నుంచి రాత్రి అన్నం మానేసి జొన్న రొట్టె తింటున్నాను, వడ్డేపల్లి చెరువు కట్ట మీద రోజూ నలభై నిమిషాలు నడుస్తున్నాను. ప్రతి సోమవారం పొద్దున తూచుకుని రాసుకున్న లెక్క ఇది: 81.4, 79.9, 79.2, 80.1, 78.9, 78.4, 78.3, 79.4, 78.0, 77.6, 77.4, ఈ వారం 78.6. నేను చేరిన బరువు తగ్గించే కేంద్రంలో ఈ సోమవారం అందరి ముందూ నిలబెట్టి, దొంగచాటుగా ఏం తిన్నావని అడిగారు. నేనేమీ తినలేదు. నిజానికి తూకం భయంతో ఆదివారం రాత్రి భోజనం, నీళ్లు కూడా మానేస్తున్నాను. ఒక్క వారంలో 1.2 కిలోలు ఎలా పెరుగుతాయి?

జవాబు: కాజీపేట, పోషకాహార సలహాదారు

అక్కా, ముందుగా ఆ ఆదివారం ఉపవాసం ఆపేయండి. నీళ్లు మానితే తగ్గేది నీళ్ల బరువే, అది మరునాటికి తిరిగి వస్తుంది.

ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. 1.2 కిలోల కొవ్వు పెరగాలంటే ఒక్క వారంలో మీ ఖర్చు కంటే 9,000 కేలరీలకు పైగా ఎక్కువ తిని ఉండాలి. మీరు రాసిన తిండితో అది జరిగే పని కాదు. కాబట్టి పెరిగింది కొవ్వు కాదు, దాదాపు అంతా నీరే. మన కాలేయం, కండరాలు పిండిపదార్థాన్ని గ్లైకోజెన్‌గా దాచుకుంటాయి. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు నిలుస్తుంది. రాత్రి అన్నం మానగానే ఆ నిల్వ కరిగి నీరు బయటకు పోతుంది గనుకనే మొదటి వారంలో మీకు కిలోన్నర తగ్గింది. ఆదివారం మధ్యాహ్నం బగార అన్నం, మటన్ కూర తింటే ఆ నిల్వ మళ్లీ నిండుతుంది, ఉప్పు మరికొంత నీటిని పట్టి ఉంచుతుంది, సోమవారం పొద్దున యంత్రం వాటన్నిటినీ కలిపే చూపిస్తుంది. జాతరలో మీరు తడి చీరతో తూగారని రాశారు కదా, ఈ నీరు కూడా ఆ తడి చీర లాంటిదే, కాకపోతే ఇది ఒంటి లోపల ఉంటుంది.

తూకాన్ని శుక్రవారానికి మార్చండి. పొద్దున లేచి, కాలకృత్యాలు తీరాక, ఏమీ తినకముందు, తేలికైన బట్టలతో తూచుకోండి. ఇంకొక మాట అడుగుతున్నాను, ఏమీ అనుకోవద్దు: పెరిగిన వారాలు నెలసరికి ముందు వారాలేనా? ఆ రోజుల్లో చాలామంది ఆడవాళ్లకు ఒంట్లో నీరు నిలిచి కిలో వరకు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పెరుగుతుంది.

జవాబు: నర్సంపేట, విశ్రాంత ఉపాధ్యాయుడు

అమ్మా, యంత్రాన్ని చాప మీద గాని పరుపు మీద గాని పెట్టకుండా గట్టి బండ మీద, ఎప్పుడూ అదే చోట ఉంచండి. నేను మాత్రం రోజూ తూచుకుని ఏడు రోజుల సగటు తీస్తాను. ఒక్క రోజు అంకెను నమ్మడం కంటే నాకు ఇదే మేలనిపించింది. నడుముకు టేపు కూడా పెట్టి చూసుకోండి. మన దేశపు ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటకూడదని వైద్యులు చెబుతారు. గత రెండు నెలల్లో నా బరువు కిలో కూడా తగ్గలేదు గాని నడుము నాలుగు సెంటీమీటర్లు తగ్గింది.

జవాబు: కాజీపేట, పోషకాహార సలహాదారు

మాస్టారు చెప్పిన సగటు పద్ధతి మంచిదే. అయితే అంకె చూడగానే తిండి మానేసేంత దిగులు పడేవాళ్లకు రోజూ తూకం నేను సూచించను. అక్కకు వారానికి ఒక్కసారి చాలు. కాళ్ల వాపు, ఆయాసంతో పాటు రెండు మూడు రోజుల్లోనే బరువు బాగా పెరిగితే మాత్రం దాన్ని మామూలు నీరుగా తీసిపారేయకుండా వెంటనే డాక్టరును కలవాలి. మాట వచ్చింది కాబట్టి, థైరాయిడ్ పరీక్ష చేయించుకుని చాలా కాలమైతే అది కూడా ఒకసారి చేయించుకోండి.

ప్రశ్న అడిగినవారు

మీరు అడిగాక క్యాలెండర్‌తో సరిచూశాను. పెరిగిన మూడు సోమవారాలూ నెలసరికి ముందు వారంలోనే పడ్డాయి. ఆ మూడు అంకెలనే విడిగా ఒక వరుసలో రాశాను: 80.1, 79.4, 78.6. మూడు నెలలుగా నన్ను ఏడిపించిన అంకెలు కూడా తగ్గుతూనే వచ్చాయని ఇప్పుడే కళ్లారా చూశాను. ఆ కేంద్రానికి ఇక వెళ్లదలచుకోలేదు. నిన్న రాత్రి రొట్టె, పప్పు కడుపునిండా తిని, కావలసినన్ని నీళ్లు తాగి పడుకున్నాను. శుక్రవారం పొద్దున తూచుకుని, నడుము కొలతతో సహా ఇక్కడే రాస్తాను.